ఓటు హక్కు, మాటకు అనుమతి

రాజకీయ సమానత్వం అనగానే మనకు ఓటు గుర్తుకు వస్తుంది. రాజ్యాంగంలోని 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు హక్కు ఇచ్చింది. 1989లో ఆ వయస్సు 21 నుంచి 18కి తగ్గింది. హోసూరు తెలుగు రైతు ఓటుకూ చెన్నై తమిళ న్యాయవాది ఓటుకూ లెక్కింపులో భేదం లేదు. రాజకీయాల్లో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి దేశం ప్రవేశిస్తున్నదని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించారు. అయితే ఓటుతో వచ్చిన ఆ రాజకీయ సమానత్వమైనా చట్టసభ గడప దాటాక ఎంతవరకు నిలుస్తున్నదో భాషాదృష్టితో పరిశీలించవలసి ఉంది.

210వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ కార్యకలాపాలు ఆ రాష్ట్ర అధికార భాషలో గాని, హిందీలో గాని, ఇంగ్లీషులో గాని జరగాలి. ఈ భాషల్లో తన భావాన్ని తగినంతగా చెప్పలేని సభ్యునికి మాతృభాషలో మాట్లాడటానికి సభాపతి అనుమతి ఇవ్వవచ్చు. పార్లమెంటు విషయంలో 120వ అధికరణం ఇటువంటి ఏర్పాటే చేసింది.

ఇందులో రెండు మాటలు గమనించదగినవి: ‘చెప్పలేని’, ‘ఇవ్వవచ్చు’. మొదటిది మాతృభాషను అసమర్థతకు మినహాయింపుగా చూస్తుంది. రెండవది దానిని ఒకరి విచక్షణకు వదిలివేస్తుంది. 350వ అధికరణం ఇందుకు భిన్నం. కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి అర్జీ పెట్టుకొనే హక్కు అది ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. అంటే అర్జీదారుకు హక్కు ఉంది. అతడు ఎన్నుకొన్న ప్రతినిధికి మాత్రం అనుమతి కావాలి!

ద్విభాషుల స్థితి మరీ చిత్రం. బజారులో తమిళమో కన్నడమో ధారాళంగా మాట్లాడేవాడు ‘చెప్పలేనివాడు’ కాడు కనుక ఈ మినహాయింపుకు అర్హుడు కాడు. కాని భాషాసామర్థ్యం ఉన్నదా లేదా అని రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. వ్యవహార రంగాన్ని బట్టి మారుతుంది. బజారు భాషలో తడబడనివాడే చెరువు, పొలం, నీటి వంతు గురించి ఇంటి భాషలో మరింత కచ్చితంగా చెప్పగలడు.

సభలో ఒకరి మాట మరొకరికి అర్థం కావాలన్న వాదన న్యాయమైనదే. రాష్ట్ర భాష నేర్చుకోవడం మన బాధ్యత అనడంలోనూ మాకు సందేహం లేదు. అయితే అర్థమయ్యేలా చేసే భారమంతా మాట్లాడేవాడిదేనా? సంస్థకు అందులో భాగం లేదా? లోక్‌సభలో తెలుగు ప్రసంగానికి అప్పటికప్పుడే అనువాదం అందే ఏర్పాటు ఉంది. 2024లో తమిళనాడులోని కృష్ణగిరి నుంచి ఎన్నికైన గోపీనాథ్ అక్కడ తెలుగులోనే ప్రమాణ స్వీకారం చేశారు. ప్రమాణం ఒక్క రోజు మాట, చర్చ అయిదేళ్ల మాట. ఆ చర్చకు ఢిల్లీలో ఉన్న సౌకర్యం రాష్ట్ర రాజధానుల్లో అసాధ్యమని మేము అనుకోము.

ఓట్లను సమానంగా లెక్కించడంతో సమానత్వం పూర్తి కాదు. సమానంగా వినడం కూడా అందులో భాగమే. విద్యార్థులు తమ తమ రాష్ట్రాల శాసనసభ నియమావళిలో భాషకు సంబంధించిన నియమాన్ని చదవాలని కోరుతున్నాము. అందులో అడగవలసినవారెవరు, ఇచ్చేవారెవరు అన్నది చూస్తే చాలు.