కాడి కుదిర్చే మేస్త్రీ

"అన్నా, బ్రేకు తొక్కితే బండి కుడికి లాగుతాంది."

ప్రొద్దుటూరులో గానీ, జమ్మలమడుగులో గానీ, పులివెందులలో గానీ పాత అంబాసిడర్‌ను షెడ్డుకు తెచ్చినవాళ్ళు ఈ మాటతోనే మొదలుపెడతారు. పని పూర్తిగా పట్టుబడనివాడు వెంటనే కుడి చక్రం విప్పుతాడు. చేయి తిరిగిన మేస్త్రీ పానా ముట్టుకోడు. "పొద్దున మొదటిసారి తొక్కినప్పుడేనా, పొద్దంతా ఇట్లేనా? మెల్లగా తొక్కినా లాగుతాందా? కాలు తీసినాక ఎట్లుంది?" అని అడుగుతాడు. పనితనం అక్కడే మొదలవుతుంది.

కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి నిలబడి రెండోది నడిస్తే, బండి నిలబడిన ఎద్దు వైపు తిరుగుతుంది. కారూ అంతే. కుడికి లాగిందంటే కుడి చక్రం ఎక్కువ పట్టిందని అర్థం. అయితే తప్పు దానిదేనా? చాలాసార్లు అది తన పని తాను చేస్తూనే ఉంటుంది. పట్టాల్సినంత పట్టనిది ఎడమది. నేరం ఒకరిది, నింద మరొకరిది.

డ్రమ్ము బ్రేకుకు ఈ పేచీ ఎక్కువ. తలుపు కింద చెక్క ముక్క ఆనించి తలుపును తోస్తే ముక్క మరింత బిగుసుకుంటుంది చూడండి. తిరిగే డ్రమ్ము కూడా ముందు షూను అలాగే తనలోకి లాక్కుని బిగిస్తుంది. కాలి బలానికి చక్రం బలం తోడవుతుంది. పాత అంబాసిడర్ ముందు చక్రాల్లో ఒక్కోదానికి రెండేసి సిలిండర్లు. బండి ముందుకు పోతున్నంతసేపూ రెండు షూలూ ఇలా బిగిసేవే. వెనుక చక్రాల్లో మాత్రం ఒక షూ బిగుస్తుంది, రెండోది కాస్త వెనక్కి తగ్గుతుంది. బలం ఇంతలంతలు చేసే ఏర్పాటు తేడానూ ఇంతలంతలు చేస్తుంది. ఒక లైనింగుకు కాస్త జిడ్డు అంటినా స్టీరింగు చేతిలో తెలిసిపోతుంది.

మేస్త్రీ ముందు నాలుగు టైర్లలో గాలి చూస్తాడు. తర్వాత బండిని బాగున్న రోడ్డు మీదికి తీసుకుపోతాడు. మన రోడ్లు నడిమధ్యలో ఎత్తుగా, అంచుల్లో వాలుగా ఉంటాయి. ఎడమ పక్కన పోయే బండి ఆ వాలుకే ఎడమకు జారుతుంది. అది బ్రేకు తప్పు కాదు. అందుకే దారి ఖాళీగా ఉన్నప్పుడు నడిమధ్యన నడిపి, స్టీరింగును వేళ్ళతో తేలిగ్గా పట్టుకుని తొక్కి చూస్తాడు.

జమ్మలమడుగు నుంచి కొండ మీది గండికోట 15 కిలోమీటర్లు. ఆ కొండ దిగివచ్చిన బండికి డ్రమ్ములే సాక్ష్యం చెబుతాయి. ఒక్కో డ్రమ్ము మీద నాలుగు నీటి చుక్కలు చల్లుతాడు. ముందు రెంటిలో ఒకదాని మీద చుయ్యిమని, ఇంకోదాని మీద నీళ్ళు నింపాదిగా జారితే ఆ చల్లటిది పనిచేయడం లేదు. అన్నిటికన్నా బాగా కాలిపోతున్నది వదలకుండా పట్టుకుని ఉంది.

ఈ పట్టుకుపోయిన చక్రం దగ్గరే మేస్త్రీ బుద్ధి చూడాలి. జాకీ ఎత్తి, బ్రేకు తొక్కి వదిలాక, చక్రం వెనుక గాలి తీసే నిపుల్ కాస్త వదులు చేస్తాడు. ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీగా తిరిగితే లోపల ఒత్తిడి చిక్కుకుందన్నమాట. తిరగకపోతే జబ్బు షూల దగ్గరో, స్ప్రింగుల దగ్గరో, తుప్పు పట్టిన సిలిండరులోనో ఉంది. ఒత్తిడే అని తేలితే నిపుల్ బిగించి మళ్ళీ తొక్కిస్తాడు. ఈసారి రబ్బరు హోస్‌కు పైనున్న ఇనుప పైపు జాయింటు వదులు చేస్తాడు. అప్పటికీ చక్రం వదలకపోతే దొంగ ఆ హోసే. పైకి కొత్తదానిలా నిగనిగలాడుతుంది, లోపల ఉబ్బి పూడుకుపోయి ఉంటుంది. కాలి బలానికి ఆయిల్ ముందుకు పోతుంది గానీ, స్ప్రింగు బలానికి వెనక్కి రాలేదు. ఇలాంటి బండి తొక్కగానే ఒకవైపు లాగి, కాలు తీయగానే రెండో వైపు లాగుతుంది. మొదట్లో అడిగిన "కాలు తీసినాక ఎట్లుంది?" అన్న ప్రశ్న దీనికోసమే.

ఇక డ్రమ్ము విప్పడం. లైనింగు అద్దంలా మెరుస్తుంటే వేడికి గట్టిపడి జారుతోంది. తడిగా నల్లబడి ఉంటే, అది హబ్బు నుంచి వచ్చిన గ్రీజా, సిలిండరు కప్పులు కారిన బ్రేకు ఆయిలా అని వేళ్ళ మధ్య నలిపి చూస్తాడు. కారే చోటు కనిపెట్టకుండా కొత్త లైనింగు వేస్తే నెలకే అదీ తడుస్తుంది. రబ్బరు కప్పులను డీజిల్‌తో కడగడు, కడిగితే ఉబ్బిపోతాయి. బ్రేకు ఆయిల్‌తోనే కడుగుతాడు. ఆ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి మరిగే వేడి కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలు ఉండాలి. తేమ పట్టాక 140కి దిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. సీసా మూత తెరిచి ఉంచేవాడు మేస్త్రీ కాడు.

డ్రమ్ములో చేరే లైనింగు దుమ్ము సంగతి పులివెందుల వాళ్ళకు వేరే చెప్పాలా? బ్రాహ్మణపల్లి చుట్టుపక్కల వేంపల్లె రాతి పొరల్లో దొరికే రాతినార (ఆస్‌బెస్టాస్) ఒకప్పుడు గనుల్లో తవ్వి తీసిందే. ఆ జాతి నారతోనే ప్రపంచమంతటా చాలా ఏళ్ళు బ్రేకు లైనింగులు చేశారు. ఊపిరితిత్తులకు అది క్యాన్సర్ తెచ్చిపెడుతుంది. తెలిసినవాడు డ్రమ్ములోకి గాలి కొట్టడు, నోటితో ఊదడు. తడిగుడ్డతో తుడుస్తాడు.

లేతు మీదికి డ్రమ్ములు జంటగానే పోతాయి. రెంటికీ ఒకే కొలత. కొత్త షూకు సుద్ద పూసి డ్రమ్ములో తిప్పి, ఎక్కడ ఆనుతోందో ఎక్కడ ఆనడం లేదో చూస్తాడు. చివరికి ఒక్కో షూను చక్రం ఆగేదాకా బిగించి, ఫ్రీగా తిరిగేంతవరకే వదులుతాడు. మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న ఎడమ వెనుక చక్రంతో మొదలుపెట్టి గాలి తీస్తాడు.

అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ఈ పని ఒంటబట్టినవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు. "చెడింది ఒకటే కదన్నా, రెండు పక్కలా లైనింగు ఎందుకు?" అని వాళ్ళతో బేరమాడకండి. ఒక ఎద్దును మార్చి కాడి కుదిరిందనుకునే రైతు ఉండడు. రెండు చక్రాలూ విప్పిన మేస్త్రీకి అడిగిన కూలి ఇవ్వండి.