కొట్టివేత 1, చేర్పు 1

మూరెడు పొడవైనా లేని నల్ల వైరు ఒకటి గురువారం సాయంత్రం నా గంటంబావు తినేసింది. తిన్నది చాలక, ఈ కాలమ్‌లో నేను ఏళ్ళ తరబడి చెప్పుకొస్తున్న మాటకే ఎసరు పెట్టింది.

వైరు పట్టుకుని వచ్చినవాడు మా వీధి చివర బోటు యజమాని కొడుకు. మన బందరు గిలకలదిండి మొగ సంగతి మీకు కొత్త కాదు. ఇసుక మేట వేస్తుంది, పాటు వేళ నీరు చాలదు, బోట్లు పోటు కోసం కాచుకుని దాటాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ముగిసి, అందరూ ఒక్కసారిగా సముద్రం మీద పడే రోజులివి. మంగళవారం తెల్లవారుజామున వీళ్ళ బోటు తొందరపడి మేట మీద కూర్చుంది. అడుగున రెండు చెక్కలు పగిలాయి. ఆ కుదుపుకు కుర్రాడి ఫోను నీళ్ళపాలైంది. వేట మొదటిరోజు ఫొటోలు తీద్దామని బీరువాలోంచి తీసి పట్టుకెళ్ళిన పాత చిన్న కెమెరా ఒక్కటే మిగిలింది. దాంతోనే తీశాడు. బీమా సర్వేయరుకి ఆ ఫొటోలు సోమవారంలోగా కావాలి, ఏ రోజు ఎన్నింటికి తీసినవో తెలిసేలా కావాలి.

"బందర్లో ఏదైనా షాపుకెళ్దామంటే మా నాన్న మీ దగ్గరికే పొమ్మన్నాడు మాస్టారూ" అన్నాడు. మాటలో కొంచెం నిరాశ ఉంది.

నా జబ్బు మీకు తెలుసు. ఇంట్లో ఉన్న రెండు కంప్యూటర్లలోనూ ఉబుంటు లినక్స్ తప్ప ఇంకోటి లేదు. ఈ కాలమ్ టైపు చేసే ఫాంటు కూడా ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగిన 'మండలి'. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన మన దివిసీమ మనిషి మండలి వెంకటకృష్ణారావు గారి పేరే దానికి పెట్టారు. ఇక నా ఊతపదం: "యంత్రం అబద్ధమాడదు, అది చెప్పేది మనమే చదవం." ఈ మాట ఇప్పటికి పదకొండుసార్లు రాశానని గుడివాడ నుంచి ఒక పాఠకుడు లెక్కపెట్టి ఉత్తరం రాశారు. ఇది పన్నెండోది.

వైరు తగిలించాం. కెమెరా మీద చిన్న ఎర్రదీపం వెలిగింది, ఛార్జి ఎక్కుతోంది. తెర మీద మాత్రం ఏమీ రాలేదు. "చూశారా మాస్టారూ, వైరు బాగానే ఉంది. మీ లినక్స్‌కే కెమెరా తెలీడంలేదు."

ఇలాంటప్పుడు లినక్స్ వాడేవాళ్ళు చూసేది డీమెసేజ్. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ రాసుకునే దినచర్య అది. మౌసు పీకినా రాస్తుంది, పెన్‌డ్రైవ్ పెట్టినా రాస్తుంది. కెమెరా వైరు పెట్టాం, పీకాం, మళ్ళీ పెట్టాం. ఒక్క అక్షరం పడలేదు. అంటే కంప్యూటరు కెమెరాని కాదనలేదు, అసలు గుమ్మంలోకి ఎవరూ రాలేదు. యూఎస్‌బీ వైరు లోపల మామూలుగా నాలుగు తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకి, తెలుపు, ఆకుపచ్చ మాటలకి. టార్చిలైట్లతో, బొమ్మలతో వచ్చే చవక వైర్లలో చాలావాటికి ఆ మాటల తీగలే ఉండవు. అన్నం పెడుతుంది కానీ పలకరించదు. వీడు తెచ్చింది టార్చిలైటు వైరట. డ్రాయరంతా తిరగేసి ఇంకోటి దొరకబట్టి పెడితే, డీమెసేజ్‌లో నాలుగు వరుసలు గబగబా పడ్డాయి. నా మీసం అరంగుళం లేచింది.

అయినా ఫొటోలు రాలేదు. జీఫోటో అనే ప్రోగ్రాముతో లాగబోతే, యూఎస్‌బీ పరికరాన్ని చేజిక్కించుకోలేకపోయానని చెప్పి ఊరుకుంది. 2,500కి పైగా రకాల కెమెరాలతో మాట్లాడటం వచ్చిన ప్రోగ్రాము అది, దానికి భాష రాకపోవడం కాదు. సంగతి ఇదీ. పెన్‌డ్రైవ్ అంటే మన వంటింటి అలమర లాంటిది, నేరుగా చెయ్యి పెట్టి తీసుకుంటాం. ఇలాంటి కెమెరాలు కిరాణా కొట్టు లాంటివి. మనం బయట నిలబడి ఫలానా ఫొటో అని అడగాలి, అది లోపల్నుంచి తెచ్చి ఇవ్వాలి. ఈ పద్ధతినే పీటీపీ అంటారు. కొట్టులో మనిషి ఒక్కడే, ఒకసారి ఒక్కడితోనే బేరం. మనం అడిగేలోపే, డెస్క్‌టాప్ వెనకాల తిరిగే జీవీఎఫ్‌ఎస్ అనే సేవకుడు వైరు తగిలిందని చూసి పరుగెత్తుకెళ్ళి బేరం మొదలుపెట్టేశాడు. మన హార్బర్‌లో గంప దిగగానే ముందు చెయ్యి వేసినవాడు ఉండగా రెండోవాడు ధర అడగడు కదా, అలాగే జీఫోటో మర్యాదగా తప్పుకుంది. ఫైళ్ళ కిటికీలో కెమెరా బొమ్మ పక్కనున్న బాణం నొక్కి జీవీఎఫ్‌ఎస్ చెయ్యి తీయించాను. మళ్ళీ అడిగితే 142 ఫొటోలూ వరసగా దిగాయి.

"కార్డు తీసి రీడరులో పెడితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా" అని మీలో కనీసం ముగ్గురు అనుకుంటున్నారు. నిజమే. కానీ ఆ కెమెరాకి కార్డూ బ్యాటరీ ఒకే మూత కింద ఉన్నాయి. మూత స్ప్రింగు ఉప్పుగాలికి తుప్పు పట్టి, దాని మీద ఎర్ర టేపు చుట్టి ఉంది. తెరిస్తే బ్యాటరీ ఊడి ఒళ్ళో పడేలా ఉంది. తెరవకపోవడమే మంచిదైందని తర్వాత తెలిసింది.

అప్పటికి ఈ వారం కాలమ్ నా తలలో తయారైపోయింది. యంత్రం చెప్పింది చదివాం, గెలిచాం, షాపుకి వెళ్ళనక్కర్లేకపోయింది. పదమూడోసారి ఊతపదంతో ముగింపు.

కుర్రాడు తెర మీదకి వంగాడు. "తేదీ ఏంటి మాస్టారూ ఇలా ఉంది?"

మొదటి ఫొటో పెద్దది చేశాను. బోటు ఎడమకి ఒరిగి ఉంది, పగిలిన చెక్కలోంచి నీరు కారుతోంది, వెనకాల నీళ్ళకి జానెడు పైన కుంకుమ బొట్టంత సూర్యుడు. కింద కెమెరా రాసుకున్న వివరం: 2010 జనవరి 1, ఉదయం 8:00. ఎనిమిదింటికి సూర్యుడు అక్కడుండడు. 2010 జనవరిలో ఈ బోటే లేదు.

కెమెరాలో గడియారం కోసం వేరే చిన్న సెల్లుంటుంది. ఏళ్ళ తరబడి బీరువాలో పడుంటే అదీ చస్తుంది. బ్యాటరీ వేయగానే గడియారం పుట్టినరోజు దగ్గర మొదలవుతుంది. యంత్రం 142 సార్లు, తడబడకుండా, అబద్ధం రాసింది.

దిద్దడం నాకు చిటికెలో పని. 2003 నుంచి ఫిల్ హార్వీ రాస్తూ వస్తున్న ఎగ్జిఫ్‌టూల్ ఉంది. ఇన్నేళ్ళు, ఇన్ని రోజులు, ఇన్ని గంటలు జరపమని ఒక్క వరుస రాస్తే 142 ఫొటోల తేదీలూ ఒకేసారి జరుగుతాయి. వరుస రాసేశాను కూడా. "మార్చేయండి మాస్టారూ, ఎవరికీ తెలీదు కదా. అయినా మనం పెట్టేది నిజం తేదీయే కదా!" అన్నాడు. నిజం తేదీయే. అయినా ఎంటర్ మీద పెట్టిన వేలు కదల్లేదు. చిలకలపూడి పూతబంగారం చేసే ఊరివాళ్ళం, పూత ఎంత నికార్సుగా వేయొచ్చో మనకి ఒకరు చెప్పాలా? నేను నిజం తేదీ ఎంత సులువుగా పెట్టగలనో ఇంకొకడు దొంగ తేదీ అంతే సులువుగా పెట్టగలడు. చూసేవాడికి రెండూ ఒకటే.

వేలు ఆపింది మాత్రం ఈ తర్కం కాదు. ఒక ఈనెపుల్ల.

1977 నవంబరు 19, శనివారం. ఈ తేదీ చూసి "మళ్ళీనా" అనుకునేవాళ్ళు అనుకోండి. అప్పుడు మేం అవనిగడ్డలో ఉండేవాళ్ళం, నాకు పదేళ్ళు. నాన్న దస్తావేజు లేఖరి. ఉప్పెన ముంచిన ఆ రాత్రి దివిసీమలో ఏం జరిగిందో మళ్ళీ రాయను. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి అని ఊళ్ళ పేర్లు చెబితే చాలు. పోయినవాళ్ళు 10,000 మందికి పైనే. నాకు బాగా గుర్తున్నవి ఆ తర్వాతి వారాలు, కాగితాలు ఆరబెట్టిన వారాలు.

మిగిలినవాళ్ళు రేకు ట్రంకుపెట్టెలు మోసుకొచ్చేవాళ్ళు. లోపల స్టాంపు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని తడిసిన అట్టముక్కలా ఉండేవి. నాన్న ఊపిరి బిగబట్టి, సన్నగా చెక్కిన కొబ్బరి ఈనెపుల్లతో ఒక్కో కాగితాన్నీ అంచు నుంచి విడదీసేవారు. వాటిని పాత దినపత్రికల మధ్య పరిచేవారు. తడి పీల్చిన పత్రికలు తీసి పొడివి వేయడం నా ఉద్యోగం. ఆరాక కాగితం మీద తెల్లగా పొర తేలేది. ఒకసారి వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

ఒక పెద్దాయన తెచ్చిన దస్తావేజు నాన్న స్వహస్తంతో రాసిందే. మూడు హద్దులు నిలిచాయి, ఉత్తరపు హద్దు మాత్రం నీలం మరకైపోయింది. "పంతులుగారూ, ఉత్తరం మా అన్న చెక్క. మీకూ తెలుసు. దస్తూరీ మీదే, సిరా మీదే. ఆ నాలుగు మాటలూ మళ్ళీ రాసెయ్యండి. కాదనేవాడెవడూ లేడు" అన్నాడాయన. నిజంగానే లేడు. ఆ అన్న, సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరూ ఉప్పెనలో పోయారు.

నాన్న కలం తీయలేదు. "కాదనేవాడు లేడు కాబట్టే రాయకూడదు" అన్నారు.

దస్తావేజుల్లో తప్పు దొర్లితే బ్లేడుతో గోకి దిద్దడం నాన్న దృష్టిలో పాపం. తప్పు మాట కింద కనబడేలా ఒక్క గీత కొట్టాలి, పైన సరైన మాట రాయాలి, రాసిచ్చేవాళ్ళు పక్కన పొడి సంతకం పెట్టాలి. చివర్లో లెక్క రాయాలి: కొట్టివేతలు ఇన్ని, చేర్పులు ఇన్ని. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 20వ సెక్షన్ దీని కోసమే ఉంది. కొట్టివేతలకీ దిద్దుబాట్లకీ పక్కన సంతకం లేకపోతే అధికారి ఆ కాగితాన్ని తిప్పి పంపొచ్చు. నాన్న ఆ సెక్షన్ని అప్పజెప్పేవారు, మేం ఎక్కాలు అప్పజెప్పినట్టు. ఆ పెద్దాయనకి నాన్న వేరే కాగితం మీద రాసిచ్చారు: ఫలానా వరుసలో ఫలానా చోట అక్షరాలు నీటికి పోయాయి, నేను చూసేసరికి ఇలా ఉంది, ఈ తేదీన చూశాను. సంతకం చేసి, దస్తావేజుకి గుండుసూదితో గుచ్చి, రిజిస్ట్రారు ఆఫీసులో నకలుకి దరఖాస్తు పెట్టించారు. పెద్దాయన గొణుక్కుంటూ వెళ్ళాడు. నాకూ నాన్న మీద కోపం వచ్చింది. నాలుగు మాటలు రాస్తే ఏం పోయేది?

ఎంటర్ మీంచి వేలు తీశాను.

"బ్యాటరీ ఎప్పుడు వేశావు? తర్వాత మళ్ళీ తీశావా?" సోమవారం రాత్రి వేశాడట, మళ్ళీ తీయలేదట. మూత తెరవకపోవడం మంచిదైందని అన్నది ఇందుకే. తెరిచి ఉంటే, బ్యాటరీ ఊడి ఉంటే, గడియారం మళ్ళీ పుట్టేది, లెక్క తెగిపోయేది. అదే కెమెరాతో మా గోడ గడియారాన్నీ కేలండర్నీ కలిపి ఒక ఫొటో తీయించాను. గోడ మీద గురువారం సాయంత్రం 6:40. కెమెరా లెక్కలో 2010 జనవరి 3, రాత్రి 9:00. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెడితే కెమెరా పుట్టింది సోమవారం రాత్రి 9:40కి. ఒరిగిన బోటు ఫొటో మంగళవారం పొద్దున్న 5:40కి. కుంకుమబొట్టు సూర్యుడు సాక్షి సంతకం పెట్టేశాడు.

142 ఫొటోలూ అబద్ధపు తేదీతోనే, ముట్టుకోకుండా ఒక ఫోల్డరులో పెట్టాం. దిద్దినవి ఇంకో ఫోల్డరులో. నిజానికి ఎగ్జిఫ్‌టూల్‌కీ మా నాన్న బుద్ధే ఉంది. వద్దని మనం పనిగట్టుకుని చెబితే తప్ప, దిద్దిన ప్రతి ఫైలు పక్కనా పాతదాన్ని 'ఒరిజినల్' అని తోక తగిలించి దాచిపెడుతుంది. దానికి రానిది సంతకం ఒక్కటే. అది నేను తెల్లకాగితం మీద చేశాను: కెమెరా ఏం చెప్పింది, గోడ గడియారం ఏం చెప్పింది, తేడా ఎంత, ఎవరు లెక్కపెట్టారు. సర్వేయరు ఒప్పుకుంటాడో లేదో సోమవారం తేలుతుంది. కుర్రాడు ఆ పెద్దాయనలాగే గొణుక్కుంటూ వెళ్ళాడు.

వాడు వెళ్ళాక నా లినక్స్ పిచ్చి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా తెరిచి దిద్దుకోవచ్చని ఇన్నాళ్ళూ మీకు చెప్పాను. అది సగమే. లినక్స్‌లో ఉన్న కోడు ఎవరిదని 2003లో కోర్టు గొడవ లేచాక, 2004 నుంచి కెర్నల్‌లో ప్రతి మార్పు కిందా పంపినవాడి సంతకం వరుస ఒకటి ఉండాలన్నారు. మరుసటి ఏడు లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ రాసిన ప్రోగ్రాము గిట్‌లో ఏ వరుస ఎవరు ఎప్పుడు మార్చారో, ముందు ఏముండేదో అన్నీ నిలిచి ఉంటాయి. గీత కొట్టు, పైన రాయి, పక్కన సంతకం పెట్టు. అవనిగడ్డ రిజిస్ట్రారు ఆఫీసు చెట్టు కింద చాప మీద కూర్చున్నవాళ్ళు పాటించిన పద్ధతే. నేను దాని తలుపు తెరిచి ఉందని సంబరపడ్డాను, గుమ్మం దగ్గరున్న సంతకాల పుస్తకాన్ని చూడలేదు.

కాబట్టి, గుడివాడ పాఠకులు గమనించ ప్రార్థన. "యంత్రం అబద్ధమాడదు" అని ఈ కాలమ్‌లో ఇవాళ్టితో కలిపి పన్నెండుసార్లు రాసిన వాక్యాన్ని చెరపడం లేదు, ఒక్క గీత కొడుతున్నాను. పైన రాస్తున్నది: యంత్రానికి గడియారం ఎవరు పెట్టారో అడగండి.

కొట్టివేత 1, చేర్పు 1. సంతకం పైన నా పేరు దగ్గరే ఉంది.