కంఠమును కన్నును: రిచర్డు డింబుల్బీ

రేడియోలో వార్త చెప్పువానిని గూర్చి మాటాడునప్పుడు మనము మొదట వాని కంఠమును మెచ్చుకొందుము. ఎంత కమ్మని గొంతు, ఎంత స్పష్టమైన పలుకు అందుము. కాని కమ్మని గొంతు పురాణము చెప్పువానికిని గలదు, సంతలో మందులమ్మువానికిని గలదు. వార్త చెప్పువానికి వలసినది వేఱొకటి. అతడు మనము పోజాలని చోటికి మన కన్నుగా పోయినవాడు. ఆ కన్ను తాను నిజముగా చూచినదా, లేక యెవరో చూపినదానిని మాత్రమే చూచినదా? విమర్శకుడడుగవలసిన ప్రశ్న యిదియే. ఈ కొలతతో, ఇంగ్లండు దేశపు బి.బి.సి.లో రేడియోయందును టెలివిజనునందును ఇంచుమించు ముప్పదియేండ్లు పనిచేసిన రిచర్డు డింబుల్బీ (1913–1965) వృత్తిజీవితమును పరిశీలింప బూనుచున్నాము.

డింబుల్బీ పత్రికలు నడపిన కుటుంబములో పుట్టి, 1936లో బి.బి.సి.లో చేరెను. ఆ సంస్థను పోషించువారు ప్రకటనలిచ్చు వర్తకులు కారు. ఆనాడు రేడియో పెట్టుకొన్న ప్రతి గృహస్థుడును ఏటేట చెల్లించిన పది షిల్లింగుల రుసుమే దాని కాధారముగా నుండెను. అయినను ఆనాటి వార్త యనగా వార్తాసంస్థలు పంపిన కాగితములను చదువుటయే. వార్త పుట్టిన చోటికే పోయి, చూచినవారి నోట పలికింపవలెనని యీ యువకుడు అధికారులకు లేఖ వ్రాసెను. ఆ యేడు నవంబరు 30వ తేదీ రాత్రి లండనులో గాజుతోను ఇనుముతోను కట్టిన క్రిస్టల్ ప్యాలెసు తగులబడగా, అతడక్కడినుండియే టెలిఫోనులో ఆ సంగతి చెప్పెను. వార్తకు ఇల్లు కదలని చెవి చాలదనియు, గడప దాటిన కన్ను కావలెననియు నాడు తేటపడెను.

అయితే కన్ను గడప దాటిన మాత్రమున స్వతంత్రమగునా? కాదని డింబుల్బీ జీవితమే చెప్పుచున్నది. 1939లో యుద్ధము రాగా అతడు బి.బి.సి.కి మొదటి యుద్ధవిలేకరియై, పిమ్మట ఉత్తరాఫ్రికా రంగమునకు పోయెను. అచ్చట కైరోలోని సేనాధిపతుల కార్యాలయమునకు దగ్గరగా మెలగి, వారి ఆశాభావమునే దేశమునకు వినిపించెనని అతనిపై విమర్శ వచ్చెను. ఎడారిలో సంగతులు వేఱుగా నడచుచుండెను. 1942 జూనులో టోబ్రూకు శత్రువుల వశమయ్యెను. ఆ యేడే అతనిని లండనుకు రప్పించిరి. యుద్ధకాలపు నిర్బంధములు విలేకరి చేతులు కట్టివేయునను మాట నిజమే. అయినను తప్పు పూర్తిగా వానివే యనుట న్యాయము కాదు. రాజు మెచ్చినదే మాటయను సామెత మనయింట నవ్వుల కనుకొందుము. వార్తాహరుడు దానిని నమ్మెనేని, కొడుకులను యుద్ధమునకు పంపిన తల్లులు మోసపోవుదురు.

ఆ లోపమును తీర్చుకొనుటకో యన్నట్లు, 1943 జనవరిలో అతడు బెర్లినుపై బాంబులు వేయబోవు విమానమెక్కి, ఆ రాత్రి తాను చూచినదానిని తిరిగివచ్చి చెప్పెను. కాని అసలు పరీక్ష 1945 ఏప్రిలులో వచ్చెను. ఆ నెల 15వ తేదీన బ్రిటిషు సైన్యము జర్మనీలోని బెల్సెను నిర్బంధశిబిరమున ప్రవేశించెను. అరువదివేల బందీలు ఆకలితోను జ్వరములతోను పడియుండిరి. పూడ్చువారులేక వేలకొలది శవములు నేలపై నుండెను. డింబుల్బీ లోపలికి పోయి, చూచినది చూచినట్లు చెప్పి పంపెను. లండనులోని అధికారులు నమ్మజాలక, వేఱు సాక్ష్యము దొరకువఱకు దానిని ప్రసారము చేయ వెనుకాడిరి. దీనిని వినిపింపనిచో తానిక రేడియోలో మాటాడనని అతడు పట్టుపట్టెను. అటుపిమ్మటనే ఆ వార్త ప్రజల చెవిని బడెను.

అధికారుల సంకోచమును మేము పూర్తిగా నిందింపము. వినరాని మాటను విచారింపక వినిపించుట సంస్థకు ధర్మము కాదు. అయినను గమనింపుడు: కైరోలో పెద్దలు చెప్పిన తీపిమాటకు లేని సాక్ష్యము, బెల్సెనులో కన్ను చూచిన చేదుమాటకు కావలసివచ్చెను. లోకపు తీరే యిది. మూడేండ్ల క్రిందట పెద్దల మాటను నమ్మి పలికిన ఆ గొంతే, యిప్పుడు పెద్దలు నమ్మకున్నను పలికెను. డింబుల్బీ గొప్పతనము నెంచువారు ఇక్కడ నిలువవలెనని మా యభిప్రాయము.

లోకము మాత్రమిక్కడ నిలువలేదు. 1953 జూన్ 2వ తేదీన జరిగిన ఎలిజబెతు రాణి పట్టాభిషేకమును అతడు టెలివిజనులో వర్ణించుటనే యెక్కువగా తలచుకొందురు. బ్రిటనులో రెండుకోట్లకు మించిన జనము దానిని చూచిరి. ఆ వర్ణన యోపికను, సిద్ధపాటును కాదనము. కాని అందలి భక్తి కొంత మితిమీరినదని అతని కాలమువారే యనిరి. మేమును వారితో నేకీభవింతుము. కిరీటము ముందు తలవంచిన కన్ను కిరీటమునే చూచును.

ఆ కంఠమును జనమెంతగా నమ్మిరో 1957 ఏప్రిల్ 1వ తేదీన మఱొక తీరున తెలిసెను. స్విట్జర్లండులో చెట్లకు స్పగెట్టి కాయుచున్నదని, సేమ్యావలె పొడుగుగానుండు ఆ పిండివంటను కొమ్మలనుండి కోయుచున్నట్లు చూపుచు, పనోరమా కార్యక్రమములో అతడు గంభీరముగా వర్ణించెను. అది నవ్వులాట. అయినను ఆ చెట్టును పెంచుటెట్లని కొందఱు నిజముగా అడిగిరి. నవ్వుకొనవచ్చును, భయపడనువచ్చును. గంభీరముగా చెప్పినంతమాత్రమున అబద్ధము ఇంటింట నిజమైపోగలదు.

ఆ నమ్మకమునకు తగిన వినియోగము చివరి దినములలో కనబడినది. 1960లో అతనికి క్యాన్సరు కలుగగా, అయిదేండ్లు దానిని దాచి పనిచేసెను. 1965 జనవరిలో చర్చిలు అంత్యయాత్రను వర్ణించినది ఆ బాధలోనే. ఆ యేటి నవంబరులో వ్యాధి పేరు దాపఱికము లేక లోకమునకు తెలియజేయబడెను. ఆ పేరు పదిమందిలో పలుకుటకే జంకు కాలమది. వేలకొలది ఉత్తరములు వచ్చెను. డిసెంబరు 22న, ఏబదిరెండవయేట, అతడు మరణించెను. అతని పేర క్యాన్సరు పరిశోధనకు నిధి యేర్పడెను.

మన యిండ్లలో నేటికిని రాచపుండు పేరు గుసగుసగానే పలుకుదుము. రోగికి చెప్పము, పొరుగువారికి చెప్పము, కొన్నియెడల వైద్యునికడకే ఆలస్యముగా పోవుదుము. డింబుల్బీయు అయిదేండ్లు దాచినవాడే. కాని బెల్సెనులో ఇతరుల బాధను దాచనీయని కన్ను తుదకు తన బాధనుగూడ దాచుకొనలేదు. రాణుల ఊరేగింపులు మఱొకరును వర్ణింపగలరు. ఆ రెండు నిజములను పలికినందులకే మేమాతనిని గౌరవింతుము.