తేరుపేట వార్త

ఫాల్గుణ పౌర్ణమి దగ్గరపడిందంటే హోసూరు నుంచి రాబోయే వార్త ఏమిటో చదవకుండానే చెప్పొచ్చు. చంద్రచూడేశ్వరస్వామి తేరు వైభవంగా సాగింది. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రల నుంచి వేలాదిగా భక్తులు తరలివచ్చారు. పోలీసులు గట్టి బందోబస్తు చేశారు. నిరుటి కాపీలో తేదీ మారిస్తే చాలు. అందులో అబద్ధమేమీ ఉండదు. ఊరు కూడా ఉండదు.

గుడివీధి వార్త రాయడం నేర్చుకుంటామని వచ్చే కుర్రవాళ్లకు నేను చెప్పేదొకటే. తేరు రోజున కాదు, అంతకు ముందే వెళ్లండి. ఆ రోజు ఉప్పూ మిరియాలూ తేరు మీద చల్లే జనం హోరులో ఎవరి మాటా వినబడదు. ముందు వెళితే పనులు కనబడతాయి. ఏ రోజు ఉభయం (ఉత్సవ ఖర్చు భరించే వంతు) ఎవరిది, మొదటి మర్యాద ఎవరికి, పందిరి ఎవరు వేస్తున్నారు, అన్నదానం బియ్యం ఎవరింటి నుంచి వస్తున్నాయి? తేరు లాగేవాళ్లు వందలమంది. దాన్ని మలుపు తిప్పేది మాత్రం చక్రం పక్కన వంగి, అది దొర్లుతుండగానే చెక్కదిమ్మ సందున పెట్టి లాగేసే కొద్దిమందే. ఒక్క క్షణం ఆలస్యమైతే చెయ్యి పోతుంది. ఫొటోగ్రాఫర్లంతా కలశం వైపు చూస్తుంటారు. విలేకరి చూడాల్సింది ఆ చేతుల్ని. ఆ పని తర్వాత ఎవరికి వస్తుంది? కొడుకు ఫ్యాక్టరీలో షిఫ్టు చేస్తుంటే తేరు రోజు లీవు దొరుకుతుందా? ఈ ఊరు ఎంత మారిందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు తట్టలేదు.

మార్పు లెక్కలు అందరికీ తెలిసినవే. 1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. 1980 నాటికి మోపెడ్లూ లారీలూ తయారయ్యాయి, ఆ తర్వాత టైటాన్ వాచీలు. మదురై, తిరునల్వేలి వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల పక్కన ఇప్పుడు ఒడిశా, జార్ఖండ్ పిల్లలు గదులు అద్దెకు తీసుకుంటున్నారు. 2004లో కృష్ణగిరి జిల్లా అయింది, 2019లో హోసూరు కార్పొరేషన్ అయింది, 2024లో విమానాశ్రయం ప్రకటించారు. రాగి చేను ధర ఆకాశానికెక్కింది. ఇవన్నీ మొదటి పేజీకి ఎక్కినవే. గుడి ఉన్న కొండకింది తేరుపేటకు మాత్రం ఇవి ఆలస్యంగా, పక్కదారిన వస్తాయి. ఉభయదారుల పట్టికలో తాతలనాటి ఇంటిపేరు పోయి, ఆ చోట ఓ కంపెనీ స్నేహితుల పేరు పడితే, అది నా దృష్టిలో బ్యానర్ వార్త.

మర్యాదల దగ్గర తగాదా వస్తే రాయొద్దా అని అడుగుతారు. రాయాలి. రాయని తగాదా పుకారై తిరుగుతుంది. కానీ ‘ఇరువర్గాలు’ అని రాసి చేతులు దులుపుకోకూడదు. 2023 ఫిబ్రవరిలో గోపసంద్రం దగ్గర ఎడ్ల పండగకు అనుమతి ఆలస్యమైందని జనం జాతీయ రహదారి మీద కూర్చున్నారు. ఆగిన లారీలూ, రువ్విన రాళ్లూ అన్ని పత్రికల్లోనూ కనబడ్డాయి. అనుమతి కాగితం ఎవరి బల్ల మీద ఆగిందీ, ఊరివాళ్లు ఎప్పుడు అర్జీ పెట్టుకున్నదీ వెతుక్కుని చదవాల్సి వచ్చింది.

ఇంకొక చిక్కు, భాష. ఇక్కడ అరుగు మీద కూర్చుంటే తెలుగూ, తమిళమూ, కన్నడమూ, దక్కనీ ఉర్దూ నాలుగూ చెవిన పడతాయి. కృష్ణగిరి పాతపేటలోనూ అంతే. అక్కడ కోట ఉన్న కొండనే సయ్యద్ బాషా కొండ అంటారు. దేవాదాయ శాఖ మీద ఫిర్యాదు తమిళంలో చెప్పే అవ్వ, కోడలి మీద ఫిర్యాదుకొచ్చేసరికి తెలుగులోకి దిగుతుంది. రెండూ రాసుకోవాలి (రెండోది అచ్చు వేయనక్కర్లేదు). హైదరాబాదు నుంచి వచ్చే విలేకరి ‘తెలుగువాళ్ల కన్నీళ్లు’ కోసం వస్తాడు, చెన్నై నుంచి వచ్చేవాడు ఫ్యాక్టరీల కోసం. ఇద్దరికీ కావాల్సింది దొరుకుతుంది. అదే ఇబ్బంది.

2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసి, చివర జై తమిళనాడు అన్నారు. ఆ రెండు మాటలూ ఒకే నోట రావడంలో హోసూరు మనిషికి వింతేమీ లేదు. మన పత్రికలు మురిసిపోయాయి, మురిసిపోవాల్సిందే. కానీ తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో మెట్టు ఎక్కుతూ అందరికీ తప్పనిసరైంది. గుడి భజనలో తాత తెలుగు కీర్తన పాడుతుంటే మనవడు పక్కనే కూర్చుని తాళం వేస్తాడు. ఆ భజన పుస్తకం చేతికిస్తే చదవగలడా అన్నది వేరే మాట. తాతను పాట గురించి అడిగాక, మనవణ్ణి ఏ బడి అని అడగాలి. బడులు తెరిచే జూన్‌లో ఆ బడికే వెళ్లి, ఒకటో తరగతి తెలుగులో ఈ ఏడు ఎందరు చేరారో హెడ్మాస్టరు గారిని కనుక్కుని రావాలి.