శివారు అచ్చుకు నీరు

ఇబ్రహీంపట్నములో ఫెర్రీకి పోవు దారిని నివసించు ఒక పెద్దమనిషి, థర్మల్ స్టేషనులో చిరకాలము కొలువు చేసి విశ్రాంతి గైకొన్నవాడు, యౌవనమున కృష్ణపాత్ర ధరించి తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగము'లోని రాయబార పద్యములను ఊరూర పాడినవాడు, తన కంఠము ఇంకను నిలిచియుండగనే ఆ పద్యములను భద్రపరుపుమని కోరగా, ఒక మధ్యాహ్నము ఆయన యింటి నడిమిగదిలో ఆయనకొక మైకు, హార్మోనియమునకొక మైకు నిలిపి రికార్డు చేసికొని వచ్చితిని. రాత్రి కంప్యూటరు ముందు కూర్చుండి వినినప్పుడు రాగము చెడలేదు. కాని తారస్థాయిలో ఎత్తుకొన్న చోటెల్ల చెవి గింగురుమనుచుండెను, పాదము ముగియు చోటెల్ల మాట మాయమగుచుండెను.

మాట ఇట్లు మాయమగుటకు కారణము ఆయన కంఠమున లేదు, మన భాషలోనే కలదు. తెలుగు అజంతభాష. మన మాట అచ్చుతో ముగియును; ఆ కడపటి అచ్చు, అందును ముఖ్యముగా ఉకారము, ఊపిరి తరుగుచున్న క్షణమున పుట్టునది గావున స్వభావముచేతనే దుర్బలము. డెల్టాలో కాలువ తలయందున్న చేలు నిండి పొరలుచుండగా శివారు ఆయకట్టు రైతు ఆకాశము వంక చూచుచుండుట మనమెరిగినదే. మన పదములలో ఆ కడపటి అచ్చు శివారు చేను వంటిది. దానికి నీరందించుటయే తెలుగు గాత్రమును మిక్సింగు చేయువాని ప్రథమధర్మమని నా నమ్మిక.

కంప్రెసర్ అను ప్లగిన్ చేయు పని తెలియవలెనన్న ఏలూరు కాలువ తలయొద్దనో, బందరు కాలువ తలయొద్దనో నిలిచిన లస్కరును తలచుకొనవలెను. నది ఉప్పొంగినపుడు అతడు తలుపు కొంత దించి, కాలువలోని నీరు నది పెరిగినంతగా పెరుగకుండ చూచును; అట్లని పెరుగుటయే లేకుండ చేయడు. ఏ గీత దాటినపుడు తలుపు మీద చేయి వేయవలెనో ఆ గీతయే థ్రెషోల్డ్. ఎంత పెరిగినచో ఎంత విడువవలెనో ఆ లెక్కయే రేషియో. థ్రెషోల్డ్ మైనస్ 20 డెసిబెళ్ల వద్ద, రేషియో మూడింటికి ఒకటిగా ఉంచితిమనుకొందము. కంఠము మైనస్ 8 వరకు ఎగసినచో గీత దాటినది 12 డెసిబెళ్లు; అందు మూడవ వంతు, అనగా 4 మాత్రమే బయటికి వచ్చును; నాదము మైనస్ 16 వద్ద నిలుచును. ఇట్లు పొంగు తగ్గిన పిమ్మట మొత్తమును ఒక్కుమ్మడిగా పైకెత్తుటకు మేకప్ గెయిన్ అను మీట కలదు. శివారుకు నీరెక్కునది ఈ మీటతోనే. తలుపు దించినంతమాత్రమున ఎక్కదు. కొత్తగా ఈ పనిలో దిగినవారు మరచునది ఇదియే.

ఈ విద్య కంప్యూటరుతో పుట్టినది కాదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రసారము మొదలిడిన కాలమున, కంట్రోలు గదిలో కూర్చున్నవాని కన్ను మీటరు ముల్లు మీద, వ్రేళ్లు ఫేడరు మీద ఉండవలసినదే. ప్రసారయంత్రము మోయగల శబ్దమునకు ఒక మేర యున్నది. అది దాటిన గాయకుని స్వరము రేడియోలో పగిలిపోవును. ఉదయమున భక్తిరంజని శ్రద్ధగా వినిన ఇండ్లలో ఎవరికిని ఆ చేయి కానరాలేదు. కానరాకపోవుటయే దాని నేర్పు. చేతి వేగమునకు అందని పొంగులను అణచుటకై పాశ్చాత్యదేశముల రేడియో కేంద్రములలో 1930లలోనే స్వయముగా పనిచేయు యంత్రములు వచ్చినవి. 1960లలో వెలువడిన ఎల్ఏ-2ఏ అను యంత్రములో నాదమే ఒక చిన్న పలకను వెలిగించును. ఆ వెలుగును చూచి ఒక ఘటము శబ్దమును తగ్గించును. వెలుగు ఆరిన పిదప ఘటము దానిని మెల్లమెల్లగా మరచును. నేడు మనము తెరమీద త్రిప్పు గుండ్రని మీటలలో పెక్కు ఆ నాటి వస్తువులకు అనుకరణములే. గాత్రమునకు ఆ ఎల్ఏ-2ఏ మందగమనము హితవుగా నుండుటకు ఆ మరపులోని నిదానమే కారణమని నాకు తోచును.

ఎటాక్, రిలీజ్ అను రెండు కాలమానములను గూర్చి కొంత నిలిచి చెప్పవలయును. ఎటాక్ అనగా పొంగు వచ్చిన తరువాత తలుపు ఎంతసేపటికి దిగవలెనన్నది. నేను మొదట దానిని 1 మిల్లీసెకనుకు తగ్గించితిని. పొంగంతయు లొంగినది గాని కకారము, టకారము, పకారము మొద్దుబారి, పద్యము దూదిలో చుట్టి పలికినట్లయినది. హల్లు పగిలి వెలువడు ఆ అల్పక్షణమును తలుపు మూసి మ్రింగివేయుటచేత నట్లయినది. 20 మిల్లీసెకనుల వరకు సడలించిన తోడనే హల్లులకు పదును తిరిగి వచ్చినది. రిలీజ్ అనగా పొంగు పోయిన పిదప తలుపు ఎంతసేపటికి లేవవలెనన్నది. అది మిక్కిలి త్వరితముగా నున్నందున, పాదమునకు పాదమునకు నడుమ ఆయన ఊపిరి పీల్చుకొను విరామములలో సీలింగు ఫాను రొద గుప్పున పైకి లేచి, మరల మాట రాగానే అణగుచు, ఆయాసపడు మనిషి వలె వినిపించినది. 250 మిల్లీసెకనుల యొద్ద ఆ ఆయాసము శాంతించినది. ఈ అంకెలు ఆ కంఠమునకు, ఆ గదికి మాత్రమే. వేరొకరు వానిని మంత్రములవలె జపించిన ఫలింపవు. ప్లగినులతోపాటు వచ్చు సిద్ధపు అమరికలను నేను నిందింపను, కాని అవి మన అజంతములను ఎరుగవు.

ఇంకొక చిక్కు భకారముతో వచ్చినది. ఆ ప్రాణము నిండిన హల్లు పలికినపుడెల్ల గాలి మైకును కొట్టి, చెవికి సరిగా అందని లోతున ఒక మొత్తు పుట్టుచున్నది. కంప్రెసర్ ఆ మొత్తును చూచి బెదరి తలుపు దించుచున్నది. వెనుక వచ్చు అచ్చు అన్యాయముగా శిక్ష ననుభవించుచున్నది. అందువలన ఈక్వలైజరుతో 80 హెర్ట్జులకు దిగువనున్న దానిని ముందుగానే వడగట్టి, ఆ పిమ్మటనే కంప్రెసరునకు పంపితిని. అదే వడపోతలో కరెంటు రొద కొంత పోయినది. మన విద్యుత్తు 50 హెర్ట్జులది. 1979లో తొలి యూనిట్ వెలిగినది మొదలు ఈ ఊరి థర్మల్ కేంద్రము పుట్టించుచున్న కరెంటు ఈ ఊరి రికార్డింగులలోనే సన్నగా మూలుగుచుండుట, అక్కడనే జీవితము గడపిన ఆ పెద్దాయన గొంతు క్రింద నేను దానిని వినుట, నాకు వింత సంతోషమును కలిగించినది. మిగిలిన 100 హెర్ట్జుల మూలుగును మాత్రము సూదిమొన వంటి సన్నని కోతతో తీయవలసివచ్చినది; ఏలయన మంద్రమున ఆయన కంఠమూలము దానికి మిక్కిలి చేరువనే కలదు.

ఈక్వలైజర్ అను పేరు టెలిఫోను తీగల నాటిది. దూరము పోయిన కొలది తీగలో పై స్వరములు క్షీణించుచుండగా, అవతలి చివర వానిని మరల సమానము చేయుటకు ఏర్పడిన సాధనమది. కావున లేనిది కల్పించుటకన్న పోయినది తెచ్చుటయే దాని జన్మధర్మము. మన పల్లెలలో గుడి మీది హారను మైకులలో ఘంటసాలవారి భగవద్గీత వినుచు పెరిగిన చెవులు మనవి. ఆ హారనుకు క్రింది స్వరములు లేవు, నడిమి స్వరములే మిక్కుటము. ఆ జ్ఞాపకముననే కాబోలు, నేను తొలుత 3 వేల హెర్ట్జుల ప్రాంతమును అతిగా హెచ్చించితిని. తరువాత దానిని విడిచి, హార్మోనియము నుండి 2 వేల హెర్ట్జుల పరిసరమున 3 డెసిబెళ్లు తగ్గించితిని. పొరుగు చేను గట్టు కొద్దిగా జరిపినంతనే మాట తనంత తాను ముందుకు వచ్చినది.

వారము తరువాత ఫోనులో వేసి వినిపించితిని. పాదము కొసలన్నియు ఆ చిన్న స్పీకరులో సైతము స్పష్టముగా పలికినవి. ఆయన కన్నులు మూసికొని తల యూపుచునే, సభలో కృష్ణుడు తీవ్రముగా హెచ్చరించు పద్యము రాగానే చేయెత్తి ఆపినాడు.

"ఏమోయ్, ఇక్కడ కృష్ణుడు కూర్చుని మాట్లాడుతున్నాడేం? లేచి నిలబడాలి గదా!"

నేను మారుపలుకలేకపోతిని. మైకులు లేని రంగస్థలమున పెరిగిన నటుడు ఆ ఘట్టమున ఒక అడుగు ముందుకు వేసి పాడును. ఆ అడుగునే నేను తలుపు దించి అడ్డగించితిని. ఇంటికి పోయి, ఆ పద్యపు నాలుగవ పాదమునకు మాత్రము థ్రెషోల్డును 6 డెసిబెళ్లు పైకెత్తి, మరునాడు తిరిగి వినిపించితిని. మొదటి మూడు పాదములు ఆయన కుర్చీలోనే వినినాడు. నాలుగవ పాదము ఎత్తుకొనగానే, మోకాలి నొప్పిని మరచి, కుర్చీచేయి పట్టుకొని లేచి నిలబడినాడు.