కడపకు కుదిరిన లెక్క కర్నూలుకు కుదరదా?

డచ్చి దేశీయుడు గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన కంప్యూటరు భాష పైథాన్. హైస్కూలు విద్యార్థి సైతం నేర్చుకోదగినంత సులభమైనది. ఇందులో కొటేషన్ గుర్తుల మధ్య వ్రాసిన మాటను స్ట్రింగు అంటారు. స్ట్రింగులను కలపడానికి, పోల్చడానికి వాడే గుర్తులు ఆపరేటర్లు. ఈ ఏర్పాటు తెలుగు మాటలకు ఎంతవరకు సరిపోతుందో పరిశీలించవలసి ఉన్నది.

మొదట గుణాన్ని చెప్పుకొందాం. 3 + 2 అంటే 5. "3" + "2" అంటే "32". ఇక్కడ + గుర్తు రెండు మాటలను ప్రక్కప్రక్కన చేరుస్తుంది. మరి "3" + 2 అంటే? జావాస్క్రిప్టు భాష ఏ అభ్యంతరమూ లేక "32" అని ఇస్తుంది. అదే "3" - 2 అని అడిగితే 1 అని ఇస్తుంది. ఒకే "3" ఒకచోట అక్షరం, మరొకచోట అంకె! పైథాన్ ఇట్టి ఊహలకు పోదు. రెండింటిలోనూ తప్పున్నదని చెప్పి ఆగిపోతుంది. నేర్చుకొనేవారికి ఈ నిక్కచ్చితనమే మేలు.

ఇక దోషం. స్ట్రింగు పొడవును చెప్పే ఫంక్షను పేరు లెన్. "కడప" పొడవు 3 అని అది చెబుతుంది. [::-1] చేర్చి త్రిప్పితే "పడక" వస్తుంది. రెండూ సరియైనవే. "కర్నూలు"లో కూడ మనం లెక్కించే అక్షరాలు మూడే: క, ర్నూ, లు. లెన్ మాత్రం 7 అంటుంది. త్రిప్పితే "లుర్నూక" రావలసి ఉండగా "ులూన్రక" వస్తుంది. ఆధారం లేని కొమ్ము ముందు నిలుస్తుంది.

కారణమేమి? యూనికోడ్ పద్ధతిలో గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడి సంకేతాలున్నవి. క, ర, పొల్లు, న, ఊత్వం, ల, కొమ్ము, వెరసి ఏడు. పైథాన్ లెక్కించేది సంకేతాలనే గాని అక్షరాలను కాదు. కడపలో గుణింతమూ ఒత్తూ లేవు కాబట్టి దోషం దాగిపోయింది.

పోల్చే గుర్తు == తోను చిక్కే. కడప జిల్లా మైదుకూరు పేరులోని ఐత్వాన్ని ఒకే సంకేతంతో వ్రాయవచ్చు. ఎత్వమూ, దాని క్రింది గుర్తూ అనే రెండింటితోను వ్రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే; == మాత్రం వేరంటుంది. జాబితాలో ఉన్న ఊరే లేదని తేలుతుంది! పోల్చేముందు నార్మలైజ్ అనే ఫంక్షనుతో రెండింటినీ ఒకే రూపానికి తేవడం దీనికి మందు.

సంకేతాలను లెక్కించడం యంత్రానికి సులువన్న సమర్థన కొట్టివేయదగినది కాదు. కాని 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాల ప్రకారం ర్నూ ఒకే గుంపు. లెన్ ఆ నియమాన్ని పాటించదు.

కాబట్టి ఉపాధ్యాయులు "కడప"తోపాటు "కర్నూలు"ను, "రమ"తోపాటు "లక్ష్మి"ని కూడ ఉదాహరణగా ఇవ్వాలి. లక్ష్మి అనే బాలిక తన పేరులో రెండక్షరాలని వ్రాస్తే, యంత్రం 7 అన్నదని ఆమె మార్కు తగ్గించరాదు. లెక్క తప్పినది ఆమె కాదు.