మిడత రెక్క, ఒగ్గు రుమాలు

ఒగ్గు కథ చెప్పే మనిషి దగ్గర సరంజామా తక్కువ. చేతిలో ఒగ్గు అనే చిన్న డమరుకం, వెనక డోలు, తాళాలు, భుజాన ఒక రుమాలు. ఆ రుమాలు తలకు చుడితే రాజు, కొంగులా కప్పుకుంటే రాణి, మడిచి ఒళ్లో పెట్టుకుంటే పసిబిడ్డ. వేషం మార్చడానికి అతను తెర చాటుకు పోడు. జనం చూస్తుండగానే పాటలోంచి మాటలోకి, మాటలోంచి ఏడుపులోకి దిగుతాడు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను కురుమ, గొల్ల కళాకారులు తరతరాలుగా ఇలాగే కాపాడుకొచ్చారు. చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటివారు ఆ కళను జాతరల నుంచి పెద్ద వేదికల దాకా నడిపించారు.

ఒగ్గు కథ వినిపించే కరీంనగర్ పల్లెల నుంచే గల్ఫ్‌కు వలసా ఎక్కువ. వాళ్లు పోయే దేశాల్లో ఖతర్ ఒకటి. అక్కడ పడమటి తీరాన, దోహాకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న దుఖాన్‌లో 1930ల చివర తవ్విన బావితోనే ఆ దేశానికి చమురు దొరికింది. అంతకుముందు ఖతర్ బతుకు ఎక్కువగా ముత్యాల మీదే.

వేసవి నాలుగు నెలలూ పడవలు సముద్రం మీదే ఉండేవి. ముక్కుకు బిగింపు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని ఒకడు మునిగితే, పైన ఇంకొకడు తాడు పట్టుకుని కాచుకునేవాడు. పడవలో నహ్హామ్ అనే గాయకుడు ఉండేవాడు. అతను గొంతెత్తితే పనివాళ్లంతా కడుపులోంచి మంద్రంగా వంత పలికేవారు. ఆ వంత లేకపోతే తెడ్డూ కదలదు, పాటా సాగదు. ఒగ్గు కథలోనూ అంతే. పక్కవాడు అందుకోకపోతే కథకుడు అడుగు ముందుకు వేయలేడు.

పడవ యజమాని ముందుగా ఇచ్చిన సొమ్ము తీరక, తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకున్న ఇళ్లు ఆ తీరాన ఎన్నో. మగవాళ్లను తిరిగి పంపమని ఆడవాళ్లు ఒడ్డున నిలబడి సముద్రాన్నే వేడుకుంటూ పాడేవారు. ఏజెంటు కోసం చేసిన అప్పూ, దుబాయ్ పోయిన మనిషి కోసం ఎదురుచూపూ ఎరిగిన జగిత్యాల తల్లికి ఆ పాట ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఒగ్గు తీరునూ ఖతర్ జానపదాన్నీ కలిపి చెప్పాలనుకునే కథకుడు మొదట పట్టుకోవాల్సింది ఈ బాధనే.

ఖతర్ కథల్లో నాకు మిక్కిలి ఇష్టమైనది మయ్, ఘీలాన్‌ల కథ. అల్ ఖోర్ తీరాన మయ్ అనే ఆమెకు పడవలున్నాయి, ఘీలాన్‌కూ ఉన్నాయి. తెడ్లు వేయడంలో మయ్ మనుషులే గెలుస్తున్నారు. ఘీలాన్ ఒక మిడతను చూశాడు. దాని రెక్కల తీరు చూసి తెరచాప కట్టాడు, ఆమెను దాటిపోయాడు.

ఒగ్గు కథకుడికి ఇంతకంటే ఏం కావాలి! భుజాన ఉన్న రుమాలు రెండు చేతులా పట్టుకుని పైకెత్తితే చాలు, అది తెరచాప. డోలు తెడ్ల దెబ్బ వేస్తుంది. తెరచాప ఎత్తగానే ఆ దెబ్బ ఆగిపోవాలి, గాలి ఒక్కటే వినిపించాలి. పక్కవాడు అడ్డుపడి, "తెడ్డేసేటోళ్లకు కూలిచ్చినవ్, గాలికేమిస్తవే అన్నా?" అంటాడు. జనం నవ్వుతారు, ఆ నవ్వులోనే ఓడిపోయిన మయ్ దుఃఖం మొదలవుతుంది. నహ్హామ్ వంతను ఇక్కడ వాడుకోవచ్చు. విన్నవాళ్ల చేత ఆ మంద్రస్వరం పలికిస్తే కథ వాళ్లదీ అవుతుంది.

ఒక హద్దు మాత్రం ఉండాలి. మల్లన్న కథ పట్నం అనే ముగ్గు వేసి చెప్పే కొలుపు. దాన్ని ముక్కలు చేసి వేరే కథలో అతికించకూడదు. తీసుకోవాల్సింది చెప్పే తీరును, దేవుడి కథను కాదు. మయ్ కథనూ తెలుగు పేర్లలోకి మార్చి మనదని చెప్పుకోకూడదు. అల్ ఖోర్ అల్ ఖోర్‌గానే ఉండాలి.

దుఖాన్‌లో, దోహాలో ఉగాది, బతుకమ్మ వేడుకలు జరిపే పెద్దలకు ఒక మనవి. సినిమా పాటల మధ్య ఒక అరగంట కథకు ఇవ్వండి. డోలు పట్టిన చేతులు కార్మికుల క్యాంపుల్లో ఉన్నాయేమో వెతకండి. వాళ్లను పిలిచి, పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టండి.